14 రోజుల నోటీసు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మొదలే ఒక మాట చెప్పుకుంటాను. నేను చదివింది ఎనిమిదో తరగతి, సోలాపూర్‌లో మన తెలుగు బడిలో. తొమ్మిదిలో చేరాల్సిన జూన్ నెలలో మా నాయన నన్ను మగ్గం గుంటలో కూర్చోబెట్టిండు. ఇరవై రెండేళ్లు నేసినాను. ఇరవై ఆరేళ్లుగా సంఘం లెక్కలు రాస్తున్నాను. కమిటీవాళ్లు నాకు ఇచ్చిన విషయం "టెక్నాలజీ కంపెనీలు, మన భవిష్యత్తు". భవిష్యత్తు చెప్పడానికి నేను జ్యోతిష్యుణ్ణి కాను. కానీ ఆ కంపెనీలు ఒక నియమం మారిస్తే మనలాంటివాళ్ల ఇంట్లో ఏమవుతుందో నాకు తెలుసు. ఎందుకంటే అలాంటి ఒక నియమానికి మా సంఘం తరఫున "ఒప్పుకుంటున్నాను" అని నొక్కిన వేలు నాదే. ఆ సంగతి మా సర్వసభ్య సభలో చెప్పి క్షమాపణ అడిగినాను. ఈ రోజు మీ ముందు కూడా చెప్తాను. నేను చేసిన తప్పు మీరు చేయకూడదని చెప్తున్నాను.

ముందుగా మా సంఘంలో ఒక నియమం ఎట్ల మారుతుందో చెప్పాలె. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

మాది చిన్న సంఘం. ఇరవై ముగ్గురు నేసేవాళ్లం మిగిలినాము. సోలాపూర్ అంటే అందరికీ చద్దర్లు, టవళ్లు గుర్తుకొస్తయి. అవి ఇప్పుడు సాంచెల మీద నేసేవి. మేము చేతిమగ్గం మీద గోడకు తగిలించే బొమ్మల గుడ్డలు నేస్తాము. వాల్ హ్యాంగింగులు అంటారు. గ్రాఫు కాగితం మీద గడి గడికీ రంగు వేసుకొని, ఆ గడుల లెక్క చూసుకుంటూ పేక పోగు మార్చుకుంటూ వినాయకుణ్ణి, వెంకటేశ్వరస్వామిని, శివాజీ మహారాజును నేస్తాము. చిన్న బొమ్మ రెండు రోజుల పని. పెద్దదానికి వారం పడుతుంది.

ఒకసారి చిన్న బొమ్మ మజూరీ 15 రూపాయలు పెంచాలని మాట వచ్చింది. పదిహేను రూపాయలే. దానికి నేను 14 రోజుల ముందు నోటీసు రాసి, ఇంటింటికీ తిరిగి, ప్రతి సభ్యుని సంతకం తీసుకున్నాను. సభనాడు రెండు గంటల కొట్లాట. మజూరీ పెంచితే ధర పెంచాలె, ధర పెంచితే అమ్మకం తగ్గుతది అని కొందరు. నూలు ధర పెరిగినప్పుడు అడగనిది మజూరీకే ఎందుకు అడుగుతారని కొందరు. చివరికి చేతులెత్తించి లెక్కబెట్టి తీర్మానం రాసినాము. అది మజూరీ సంగతి. అదే సంఘం ఉపనియమం ఒక్క అక్షరం మార్చాలంటే, మా మహారాష్ట్ర సహకార చట్టం ప్రకారం సభకు వచ్చి ఓటు వేసినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలె. ఆ తర్వాత రిజిస్ట్రారు మంజూరు చేయాలె. అప్పటిదాకా పాత నియమమే నడుస్తుంది.

వయసులో ఉన్నప్పుడు నాకు ఇదంతా తలనొప్పి అనిపించేది. అప్పటి మా చైర్మన్, ఇప్పుడు లేరు, ఆయన అనేవారు: "ఆలస్యమైతే కొంత నష్టం రా. తెలియకుండ మారిందనుకో, మొత్తం నష్టం." ఆ మాట నాకు అర్థం కావడానికి చాలా ఏండ్లు పట్టింది.

ఇప్పుడు నా తప్పు సంగతి.

మేము 2019లో ఒక ఆన్‌లైన్ అమ్మకాల వేదికలో చేరినాము. దాని పేరు ఇక్కడ చెప్పను. పేరు ముఖ్యం కాదు. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మా దుకాణం మూసి ఉంటే, ఎగ్జిబిషన్లు లేకపోతే, ఆ వేదికే మాకు అన్నం పెట్టింది. అది దాచకుండా చెప్పాలె. ఢిల్లీ నుంచి, కోల్‌కతా నుంచి, మేము ఎన్నడూ చూడని ఊర్ల నుంచి ఆర్డర్లు వచ్చినయి. నాలుగో ఏడు వచ్చేసరికి మేము నేసిన పది బొమ్మల్లో ఏడు అక్కడనే అమ్ముడుపోతున్నయి. నేను సంతోషపడి పాత గిరాకీల వెంట తిరగడం మానేసినాను. పుణె, హైదరాబాద్ దుకాణాలవాళ్లకు ఉత్తరం రాయడం, ఫోన్ చేయడం మానేసినాను. ఇది నా మొదటి తప్పు.

ఒకనాడు పొద్దున ఆర్డర్లు చూద్దామని ఫోన్ తెరిస్తే తెర నిండా ఇంగ్లీషు. కింద ఒక నీలం గుండీ. అది నొక్కితేనే ఆర్డర్లు కనబడతయి. దసరా ముందర రోజులు, తొందర. మా మనుమరాలిని పిలిచి "ఏమున్నది బిడ్డా" అని అడిగినాను. "నియమాలు మార్చినారట తాతా, చాలా పొడుగున్నది, ముప్పై పేజీలుంటది. అందరూ నొక్కుతరు" అన్నది. నేను నొక్కినాను. ఆర్డర్లు కనబడ్డయి. బొమ్మలు కట్టలు కట్టి పంపినాము. ఆ దసరా, దీపావళికి 140 బొమ్మలు పోయినయి. మంచి సీజను అనుకున్నాము.

దీపావళి పోయిన వారం నుంచి వాపసు రావడం మొదలైంది. ముందు నాలుగు, తర్వాత తొమ్మిది, అట్ల మొత్తం 41. కొత్త నియమం ఏమిటంటే, కొన్నవాళ్లు పది రోజుల్లోపల కారణం చెప్పకుండానే వాపసు పంపవచ్చు, తీసుకుపోయిన ఖర్చు, తెచ్చిన ఖర్చు రెండూ అమ్మినవాళ్లవే. కట్టలు విప్పితే కొన్నిటికి అగరుబత్తి వాసన. కొన్నిటి మీద కుంకుమ మరక. లక్ష్మీపూజకు గోడకు తగిలించి, పండుగ అయినాక పంపించిండ్రు. ఒక్కో వాపసుకు 160 రూపాయలు కోత. 41 బొమ్మలకు 6,560. ఇది పెద్ద నష్టం కాదు. పెద్ద నష్టం, ఆ 41 బొమ్మల మజూరీ మేము అప్పటికే ఇచ్చినాము, ఇప్పుడు ఆ మాల్ కొత్తదని అమ్మలేము. ఆ ఏడు సంఘం బోనసు ఇవ్వలేకపోయింది.

నేను ఆ వేదికకు మెయిల్ రాయించినాను. "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని జవాబు వచ్చింది. మళ్లీ రాయించినాను. మళ్లీ అదే జవాబు, అక్షరం తేడా లేకుండా. మా నాయన కాలంలో నూలు ఇచ్చే షావుకారు కూడా మజూరీ కోసేవాడు. కానీ పోయి ఆయన గద్దె ముందు నిలబడి అడగవచ్చు. ఆయన తిట్టవచ్చు, మనం తిట్టవచ్చు. ఇక్కడ నిలబడటానికి గద్దె లేదు.

అంతకంటే నన్ను కుంగదీసింది వేరే. పదిహేను రూపాయలు మార్చడానికి ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకున్నవాణ్ణి నేనే. ఇరవై ముగ్గురి పండుగ మార్చే నియమాన్ని ఒక్క వేలుతో, చదవకుండా ఒప్పుకున్నవాణ్ణి కూడా నేనే.

ఆ తర్వాత నేను అడగడం మొదలుపెట్టినాను. పుణెలో మా అన్న మనుమడు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్నడు. వానితో చాలా రాత్రులు మాట్లాడినాను. "తాతా, నీ ఒక్కనికే కాదు. మాలాంటి ప్రోగ్రాములు రాసేవాళ్లకు కూడా ఇదే" అన్నడు. వాడు చెప్పినవి, మనుమరాలు చదివి వినిపించినవి కొన్ని చెప్తాను.

తయారుచేసేవాళ్ల సంగతి మొదట. యూనిటీ అని అమెరికా కంపెనీ ఒకటున్నది. ఫోన్లలో పిల్లలు ఆడే ఆటలు తయారు చేయడానికి పనిముట్టు అమ్ముతుంది. మనకు మగ్గం ఎట్లనో ఆటలు చేసేవాళ్లకు అది అట్ల. 2023 సెప్టెంబర్ 12న ఆ కంపెనీ ఒక ప్రకటన చేసింది. 2024 జనవరి నుంచి, ఒక హద్దు దాటిన ఆటలను ఎవరైనా ఫోన్‌లో ఎక్కించుకున్న ప్రతిసారీ, చేసినవాళ్లు తమకు రుసుము కట్టాలన్నది. ముందే తయారై అమ్ముడవుతున్న పాత ఆటలకు కూడా. మగ్గం అమ్మినవాడు వచ్చి, "ఇక నుంచి నువ్వు నేసిన ప్రతి చీర కట్టుకున్నప్పుడల్లా నాకు పైసలియ్యి" అన్నట్టు. ప్రపంచమంతటా ఆటలు చేసే చిన్న చిన్న కంపెనీలు ఒక్కటై ఎదురుతిరిగినయి. పది రోజుల్లో కంపెనీ కొంత తగ్గింది. మరుసటి నెల దాని పెద్ద అధికారి దిగిపోయిండు. 2024 సెప్టెంబర్‌లో ఆ రుసుమే రద్దు చేసింది. యూనిటీ అంటే ఐకమత్యం అట. ఐకమత్యం కంపెనీ పేరులో ఉంటే, చేసి చూపించింది మాత్రం ఆటలు తయారుచేసేవాళ్లు.

అన్నిసార్లూ గెలవరు. రెడిట్ అని జనం చర్చలు చేసుకునే పెద్ద వేదిక ఉన్నది. దాన్ని ఫోన్‌లో సులువుగా చదవడానికి క్రిస్టియన్ సెలిగ్ అనే అతను అపోలో అని ఒక యాప్ చేసిండు. దానికి కావలసిన సమాచారం ఎన్నో ఏండ్లు ఉచితంగా ఇచ్చిన రెడిట్, 2023లో ధర పెట్టింది. ఆ ధర ప్రకారం ఏడాదికి సుమారు 2 కోట్ల డాలర్లు కట్టాల్సి వస్తుందని అతను లెక్క చూసుకున్నడు. ధర చెప్పిన నెల రోజులకే దాని అమలు. జూన్ 30న అపోలో మూతబడ్డది. వేలాది చర్చా గుంపులు రెండు రోజులు తలుపులు మూసి నిరసన చేసినా రెడిట్ వెనక్కు పోలేదు. నూలు ఉచితంగా దొరికినన్ని రోజులు మనం సొంత నూలు సంగతి ఆలోచించము. ఇది మనందరికీ ఉన్న గుణం.

మన దేశం సంగతి. మన పిల్లల పెళ్లి సంబంధాలు ఈ రోజుల్లో సగం ఫోన్‌లోనే చూస్తున్నాము. 2024 మార్చి 1న గూగుల్ తన ప్లే స్టోర్ నుంచి కొన్ని భారతీయ కంపెనీల యాప్‌లను తీసేసింది. వాటిలో భారత్ మ్యాట్రిమొనీ ఉన్నది, ఉద్యోగాల నౌకరీ ఉన్నది. రుసుము దగ్గర తగాదా. మూడేండ్లకు పైగా గడువు ఇచ్చినామని గూగుల్ అన్నది. ఈ రుసుము మేము మోయలేము, వేరే స్టోరుకు పోదామంటే ఈ దేశంలో దాదాపు అందరి ఫోన్లూ ఆండ్రాయిడ్‌వే అని కంపెనీలు అన్నయి. కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ కలగజేసుకున్నాక కొన్ని రోజుల్లో తిరిగి పెట్టిండ్రు. అంత పెద్ద కంపెనీలకు మంత్రి దొరికిండు. ఇరవై ముగ్గురు నేసేవాళ్లకు ఎవరు దొరుకుతరు?

ఇక వాడేవాళ్ల సంగతి. 2021 జనవరిలో మనందరి ఫోన్లలో వాట్సాప్ ఒక చీటీ పంపింది, మీకు గుర్తుండవచ్చు. ఫిబ్రవరి 8 లోపల కొత్త షరతులు ఒప్పుకోండి, లేకపోతే ఖాతా వాడలేరు అని. గొడవ అయితే మే 15కు జరిపిండ్రు. "ఒప్పుకో, లేకపోతే పో" అన్న ఆ పద్ధతి తప్పని మన కాంపిటిషన్ కమిషన్ 2024 నవంబర్‌లో మెటా కంపెనీకి 213 కోట్ల 14 లక్షల జరిమానా వేసింది. కంపెనీ అప్పీలుకు పోయింది. ఆ చీటీకీ ఆ జరిమానాకూ మధ్యన దాదాపు నాలుగేండ్లు. మనం అప్పటికే ఒప్పుకొని వాడుతున్నాము.

ఇంకొకటి వింటే నేతవాళ్ల కడుపు తరుక్కుపోతుంది. రంగులకు నంబర్లు పెట్టే పాంటోన్ అనే కంపెనీ ఉన్నది. ఫలానా నంబరు ఎరుపు అంటే ప్రపంచంలో ఎక్కడైనా అదే ఎరుపు. డిజైన్లు వేసేవాళ్లు అడోబ్ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఆ రంగులు వాడుతారు. ఆ రెండు కంపెనీల మధ్య ఒప్పందం మారింది. 2022 నవంబర్‌లో, పాత డిజైన్లు తెరిచి చూస్తే ఆ రంగులున్న చోట నలుపు కనబడ్డది. రంగు తిరిగి కావాలంటే అప్పుడు నెలకు 15 డాలర్లు కట్టాల్సి వచ్చింది. ఎప్పుడో వేసి, పైసలు తీసుకొని, పెట్టెలో దాచుకున్న డిజైను నల్లగా మారుడు! మా నాయన గీసిన గ్రాఫు కాగితాలు నా దగ్గర ఇప్పటికీ ఉన్నయి. చెదలు ఒక మూల తిన్నది. కానీ వినాయకుని తొండం మీద పసుపు ఇంకా పసుపే.

మూడోది పనిచేసేవాళ్ల సంగతి. 2022 అక్టోబర్ చివర ట్విట్టర్‌ను ఎలాన్ మస్క్ కొన్నడు. వారం తిరిగేసరికి, నవంబర్ 4న, దాదాపు సగం మంది ఉద్యోగులను తీసేసిండ్రు. చాలామందికి ఈమెయిల్‌లో తెలిసింది. పెద్ద చదువులు చదివినవాళ్లు. సోలాపూర్‌లో మిల్లులు మూతబడ్డ రోజులు నేను చూసినాను. గేటుకు తాళం వేసి నోటీసు అంటించేవాళ్లు. అది అన్యాయమే. కానీ గేటు ఉండేది. గేటు ముందు కూర్చోవడానికి జాగా ఉండేది. ఈ కొత్త కంపెనీలకు మనం కూర్చోవడానికి గేటు లేదు.

బండ్ల మీద సరుకులు తెచ్చే పిల్లల సంగతి మీకు ఎరికే. 2023 ఏప్రిల్‌లో ఢిల్లీ చుట్టుపక్కల బ్లింకిట్ కంపెనీ ఒక్కో డెలివరీకి కనీసం 25 రూపాయలు ఇచ్చేదాన్ని 15 చేసి, మిగతాది దూరం లెక్కన ఇస్తామన్నది. పిల్లలు పని బంద్ చేసిండ్రు. ఆ రేటు యాప్‌లో మారింది. మన పరిభాషలో చెప్పాలంటే, గజం మజూరీ రాత్రికి రాత్రే మారింది.

ఈ పిల్లల్లో మావాడు కూడా ఒకడున్నడు. మా సంఘంలో మంచి చేయి ఉన్న తమ్ముడు. వాడు నేసిన బొమ్మకు కళ్లు సజీవంగా ఉండేవి. బోనసు ఇవ్వలేని ఆ ఏడు, సంక్రాంతి పోయినాక వాడు పుణెకు పోయిండు. ఇప్పుడు బండి మీద సరుకులు తెస్తడు. ఏ కంపెనీ అన్నది చెప్పను. వాడు పోయినందుకు నేను కంపెనీని ఒక్కదాన్నే అనను. నా వేలు కూడా ఉన్నది అందులో. ఒకనాడు ఫోన్‌లో వాడన్న మాట నాకు నిద్ర పట్టనియ్యలేదు: "అన్నా, మగ్గం మీదున్నప్పుడు పదిహేను రూపాయలకు కూడ నువ్వు నోటీసు పట్టుకొని ఇంటికాడికి వచ్చి సంతకం తీసుకునేటోనివి. ఇక్కడ పొద్దున ఫోన్ తెరిస్తే రేటు మారి ఉంటది. ఎవ్వడు మార్చిండో తెల్వది."

ఇన్ని చెప్పినాను కదా అని, కంపెనీలు నియమాలు మార్చకూడదని నేను అనడం లేదు. మార్చాల్సినప్పుడు మార్చకపోతే అదీ ప్రాణాల మీదికి వస్తుంది. 2018 జూలై 1న మా మహారాష్ట్రలోనే ధూళే జిల్లా రాయిన్‌పాడ ఊరిలో ఐదుగురిని పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లని అనుమానించి కొట్టి చంపిండ్రు. వాళ్లలో ఎక్కువమంది మా సోలాపూర్ జిల్లా మంగళవేఢా వైపు నుంచి బతుకుతెరువుకు పోయిన సంచార జాతివాళ్లు. ఆ పుకారు ఫోన్లలో ఒకరి నుంచి ఒకరికి పాకింది. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా హద్దు పెట్టింది. మంచి నియమం. ఇంకా ముందే వచ్చి ఉంటే బాగుండేది. అట్లనే, ఫోటోలు ఉచితంగా దాచే పద్ధతిని ఆపుతున్నామని గూగుల్ 2020 నవంబర్‌లో చెప్పి, 2021 జూన్ 1 నుంచి అమలు చేసింది. అంతకు ముందు దాచినవాటిని లెక్కలోకి తీసుకోలేదు. నచ్చినా నచ్చకపోయినా, ఆరు నెలల పైన గడువు దొరికింది, పాతదాని జోలికి రాలేదు. ఇది నోటీసు అంటే.

కాబట్టి నేను అడిగేది పెద్దది కాదు. మార్చండి. కానీ ముందు చెప్పండి. మాకు అర్థమయ్యే భాషలో చెప్పండి. అడిగితే జవాబిచ్చే మనిషిని ఒకరిని పెట్టండి.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. యూరప్ దేశాల్లో 2019లో చేసిన చట్టం 2020 జూలై నుంచి అమల్లో ఉన్నది. ఆన్‌లైన్ వేదికలు తమ మీద అమ్ముకునే వ్యాపారులకు షరతులు మార్చే ముందు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలె. ఖాతా ఆపితే కారణం చెప్పాలె. అంత దూరం ఎందుకు, మన పక్క కర్ణాటకలో 2025లో బండ్ల మీద పనిచేసే పిల్లల కోసం, గిగ్ కార్మికులు అంటరు, ఒక చట్టం వచ్చింది. అందులో ఉన్న మాట మా మనుమరాలు చదివినప్పుడు నేను రెండోసారి చదివించుకున్నాను. ఒప్పందం షరతులు మార్చాలంటే 14 రోజుల ముందు తెలియజేయాలని ఉన్నది. పని నుంచి తీసేయాలన్నా రాతపూర్వకంగా కారణం చెప్పి 14 రోజుల నోటీసు ఇవ్వాలని ఉన్నది. పద్నాలుగు రోజులు! నేను ఇంటింటికీ తిరిగే మా సంఘం నోటీసు కూడా పద్నాలుగు రోజులే. కేంద్రం చేసిన సామాజిక భద్రతా కోడ్, 2020 నాటిది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో కూడా మొదటిసారి ఈ పిల్లల పేరు చట్టంలోకి ఎక్కింది. దారి పడ్డది. బండి పిల్లలకు కర్ణాటకలో దొరికిన నోటీసు, ఆన్‌లైన్‌లో అమ్ముకునే చేనేత సంఘానికి ఎందుకు దొరకకూడదు?

అది దొరికేదాకా మనం చేతులు కట్టుకొని కూర్చోవద్దు. మా సంఘంలో ఆ దెబ్బ తర్వాత నాలుగు పనులు చేసినాము. మీకు పనికొస్తే తీసుకోండి.

ఒకటి. "ఒప్పుకుంటున్నాను" గుండీ సెక్రెటరీ ఒక్కడే నొక్కరాదు. ఇద్దరు కమిటీ సభ్యులు కూర్చొని, ఇంగ్లీషు వచ్చిన పిల్లలతో చదివించుకొని, పుస్తకంలో సంతకం పెట్టినాకనే నొక్కాలె. చెక్కు మీద రెండు సంతకాలు అడుగుతాము. దీనికి ఎందుకు అడగము?

రెండు. ఏ ఒక్క వేదిక మీదా మా అమ్మకంలో మూడో వంతుకు మించి ఆధారపడరాదని తీర్మానం చేసినాము. నేను మళ్లీ పాత దుకాణాలకు ఫోన్లు చేస్తున్నాను. కొందరు తిట్టినారు, "ఇన్నేండ్లకు గుర్తొచ్చినామా" అని. తిట్టించుకున్నాను. ఇద్దరు మాల్ తీసుకున్నరు. కేంద్ర జౌళి శాఖవారి ఇండియా హ్యాండ్‌మేడ్ పోర్టల్‌లో కూడా దరఖాస్తు పెట్టినాము.

మూడు. గిరాకీ లెక్క మన పుస్తకంలో ఉండాలె. ప్రతి బొమ్మ వెనుక ఒక చీటీ కుడుతున్నాము. నేసినవారి పేరు, సంఘం ఫోన్ నంబరు, "మళ్లీ కావాలంటే నేరుగా అడగండి" అని మూడు భాషల్లో. ఏ వేదికైనా చీటీ పెట్టవద్దని నియమం చేస్తే, ఆ నియమాన్ని చదివి, సభలో చర్చించి, అప్పుడు చూస్తాము.

నాలుగు. డిజైన్లు కాగితం మీద ఒకటి, సంఘం బీరువాలో హార్డ్ డిస్క్ మీద ఒకటి. ఫోన్‌లో ఉన్నది మూడోది మాత్రమే.

సమాఖ్యకు రెండు విన్నపాలు. ఒక్కో సంఘం ముప్పై పేజీలు చదవలేదు. కానీ ఐదు రాష్ట్రాల సమాఖ్య చదవగలదు. మన పిల్లలు బెంగళూరులో, చెన్నైలో, పుణెలో ఇవే కంపెనీల పనులు చేస్తున్నరు. వాళ్లలో నలుగురిని కమిటీగా వేయండి. ఏ వేదిక నియమం మారినా, అందులో మనకు సంబంధించిన నాలుగు మాటలు తెలుగులో, చదవలేనివాళ్లకు గొంతుతో చెప్పి, అన్ని సంఘాలకూ పంపాలె. రెండోది, అమ్మకందారులకు 14 రోజుల నోటీసు, అమ్మేవారి భాషలో, ఇవ్వాలని కేంద్రానికి సమాఖ్య తరఫున వినతిపత్రం పంపుదాం. ఆటలు చేసేవాళ్లు కలిస్తే అంత కంపెనీ రుసుము రద్దు చేసింది. మనం అడిగేది రుసుము రద్దు కూడా కాదు, ముందు ఒక మాట చెప్పమని.

ఈ సంచిక ఈసారి కాగితం మీద కాకుండా ఫోన్‌లో వస్తున్నదని విన్నాను. ఖర్చు మిగులుతుంది, యానాంలోనైనా సోలాపూర్‌లోనైనా ఒకేరోజు చదువుతారు, మంచిదే. కానీ దాన్ని దాచేది కూడా ఎవరిదో ఒక కంపెనీ కంప్యూటరే. వాళ్ల నియమం రేపు ఏమవుతుందో తెల్వదు. రాష్ట్రానికి పది ప్రతులైనా అచ్చు వేసి సంఘాల బీరువాల్లో పెట్టించండి అని నా మనవి.

చివరగా ఒక చిన్న సంగతి. వచ్చే నెల మా సర్వసభ్య సభ ఉన్నది. చిన్న బొమ్మ మజూరీ మళ్లీ పెంచాలని ప్రతిపాదన. నోటీసులు పంచి వచ్చినాను. పుణెలో ఉన్న ఆ తమ్ముని పేరు సభ్యుల రిజిస్టరులో నుంచి నేను కొట్టేయలేదు. వాని మగ్గం అట్లనే ఉన్నది. వానికి కూడా నోటీసు పోస్టులో పంపినాను, పద్నాలుగు రోజుల పైననే గడువుండేటట్టు చూసుకొని. మొన్న రాత్రి ఫోన్ చేసిండు. "నాకెందుకు పంపినవ్ అన్నా" అని అడిగిండు. "నువ్వింక సభ్యునివే రా, నిన్ను అడగకుండ మజూరీ ఎట్ల మారుస్త" అన్నాను. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ ఆదివారం సెలవు పెట్టి వస్తానన్నడు. ఓటు వేయడానికి.

తప్పులుంటే ఎనిమిదో తరగతివాడని మన్నించండి. సెలవు.